క్యాంపర్ లాగడానికి పెద్ద బండి చూస్తున్నారా? షోరూంకి ముందు కాటాకి వెళ్లండి

కిందటి చలికాలం అరకు వెళ్తుంటే టైడా దాటాక ఒక మలుపులో మా పాత ఎస్‌యూవీ ఇంక ఎక్కలేనని ఆగిపోయింది, వెనక క్యాంపర్ (లోపల పడుకుని, వండుకునే వీలున్న ట్రైలర్), దాని వెనక బస్సు హారన్ మీద హారన్, క్లచ్ మాడిన వాసన లోపలిదాకా వచ్చేసింది. మా ఆవిడ గబగబా దిగి క్యాంపర్ చక్రాల కింద రాళ్లు పెట్టింది. నేను బ్రేక్ మీద కాలు తియ్యకుండా అలాగే కూర్చున్నా. నెలల తరబడి తిరుగుదాం అనుకుంటున్నవాళ్లం, అప్పుడే పెద్ద బండి తీసుకోవాలని డిసైడ్ అయిపోయాం.

ఐతే బండి చూడ్డానికి వెళ్లే ముందు ఒక పని చెయ్యాలి. క్యాంపర్‌ని కాటా వేయించాలి. ఖాళీగా కాదు, నిజంగా మూడు నెలల ట్రిప్‌కి బయల్దేరుతున్నట్టు మొత్తం సర్దేసి. తయారుచేసినవాళ్లు ఇచ్చిన కాగితంలో మాది 1,050 కేజీలు, గాజువాక దగ్గర లారీల కాటా మీద పెడితే 1,430 చూపించింది! అంత ఎక్కడిదా అని ఇంటికొచ్చి లెక్కేస్తే, 100 లీటర్ల నీళ్లంటే 100 కేజీలు, ఇన్వర్టర్ బ్యాటరీలు రెండు కలిపి 110, నిండు గ్యాస్ సిలిండర్ 30 కేజీలు, ఇంక బియ్యం, పప్పులు, ఆవకాయ జాడీ, టెంటు, కుర్చీలు, సైకిళ్లు, ఇలా కూడుకుంటూ పోతే దొరికిపోయింది.

కాటా మీదున్నప్పుడే ఇంకో తూకం తీసుకోండి. మొదట క్యాంపర్‌ని బండి నుంచి విప్పేసి మొత్తం కాటా మీద పెట్టాలి, తర్వాత ముందున్న చిన్న చక్రం మాత్రం కాటా బయట నేల మీద ఉండేలా జరపాలి. రెండు అంకెల తేడాయే సుమారుగా హిచ్ మీద, అంటే క్యాంపర్‌ని బండికి తగిలించే కొక్కెం మీద, పడే బరువు. అది మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉంటే మంచిది. తక్కువైతే హైవే మీద లారీ పక్కనుంచి వెళ్లినప్పుడల్లా క్యాంపర్ తోక ఊపుతుంది, మరీ ఎక్కువైతే బండి వెనక కూర్చుండిపోయి స్టీరింగ్ తేలికైపోతుంది, రాత్రిపూట హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలోకి కొడతాయి.

ఇప్పుడు అసలు విషయం. అందరూ ఎంత లాగుతుంది అని అడుగుతారు, నేనైతే ఎంత మోస్తుంది అని ముందు అడగమంటాను. జీవీడబ్ల్యూలోంచి (మనుషులు, సామాన్లతో కలిపి బండి ఉండగల గరిష్ఠ బరువు) బండి సొంత బరువు తీసేస్తే మిగిలేది పేలోడ్, అంటే బండి మొయ్యగల బరువు, హిచ్ మీద పడే బరువు కూడా అందులోంచే పోతుంది. మా లెక్క చూడండి, హిచ్ మీద 150, మేమిద్దరం 140, టో బార్ (బండి వెనక హిచ్‌ని బిగించే ఇనుప చట్రం) 30, ఫ్రిజ్జు, టూల్స్, జాకీ అన్నీ కలిపి 100, మొత్తం 420 కేజీలు. అంటే 400 పేలోడ్ ఉన్న బండి రెండు టన్నులు లాగినా మాకు పనికిరాదు. లాగే కెపాసిటీ కూడా ఓనర్స్ మాన్యువల్‌లో బ్రేక్ ఉన్న ట్రైలర్‌కి ఎంత, లేనిదానికి ఎంత అని విడివిడిగా చూడాలి. అక్కడ అంకె లేకపోతే సేల్స్ అబ్బాయి నోటి మాట మీద కొనెయ్యకండి, కంపెనీ నుంచి రాసి తెప్పించుకోండి. నేనైతే ఆ అంకెలో 80 శాతం దాటి లాగను, ఘాట్‌లో ఆ మిగులే కాపాడుతుంది.

బండి రకం గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు, ల్యాడర్ ఫ్రేమ్ (నిచ్చెనలాంటి ఇనుప ఛాసిస్), డీజిల్, వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) కాస్త పొడుగు. హార్స్‌పవర్ కంటే తక్కువ ఆర్‌పీఎంలో వచ్చే టార్క్ (ఇంజన్ తిప్పే బలం, ఎన్ఎంలలో కొలుస్తారు) ముఖ్యం. టొయోటా హైలక్స్, ఫార్చ్యూనర్ 2.8 ఆటోమేటిక్‌లో 500 ఎన్ఎం, మాన్యువల్‌లో 420, స్కార్పియో-ఎన్ డీజిల్ ఆటోమేటిక్ పై వేరియంట్లలో 400, ఇసుజు వీ-క్రాస్‌లో 360. మాకు క్లచ్ అనుభవం అయింది కాబట్టి టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ (క్లచ్ బదులు ఆయిల్ ద్వారా బలం అందించే గేర్‌బాక్స్) వైపే మొగ్గుతాను, ఏటవాలులో క్యాంపర్‌ని రివర్స్ పెట్టేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. హైలక్స్ పొడుగు 5.3 మీటర్లు, మన అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పడుతుందో లేదో టేపు పెట్టి కొలుచుకోండి.

సెకండ్ హ్యాండ్ అయితే మన విశాఖలో ఒక జాగ్రత్త తప్పదు, ఉప్పుగాలి. బీచ్ రోడ్డు, భీమిలి వైపు ఏళ్ల తరబడి బయట నిలబెట్టిన బండికి పైన పెయింట్ మెరుస్తూనే ఉంటుంది, కింద ఛాసిస్ తుప్పు పట్టి ఉంటుంది. ర్యాంప్ ఎక్కించి టార్చి వేసి వెనక క్రాస్ మెంబర్ (ఛాసిస్ అడ్డ కమ్మీ), లీఫ్ స్ప్రింగ్ షాకిళ్లు (స్ప్రింగ్‌ని ఛాసిస్‌కి తగిలించే ముక్కలు), టో బార్ బిగించే చోటు చూడండి. చిన్న సుత్తితో తడితే మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా మోగి పెచ్చులు రాలుతుంది. నేను చూసిన ఒక బండి సరిగ్గా హిచ్ బోల్టుల దగ్గరే పెచ్చులు రాల్చింది, వెంటనే వద్దని వచ్చేశాను.

ఇంకో మాట, చట్టం ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే, దానికి విడిగా రిజిస్ట్రేషన్ కావాలి. టో బార్ పెట్టించే ముందు ఆర్టీవో ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్స్ వాళ్లకీ రాతపూర్వకంగా చెప్పండి. క్యాంపర్‌కి సొంత బ్రేకులు లేకపోతే బండి ఎంత పెద్దదైనా ఘాట్ దిగేటప్పుడు మొత్తం భారం దాని బ్రేకుల మీదే పడుతుంది, కాబట్టి బడ్జెట్‌లో ముందు వాటికి డబ్బు తీసిపెట్టండి.

డబ్బు కట్టే ముందు, ఓనర్ ఒప్పుకుంటే, మీ క్యాంపర్ తగిలించి అనంతగిరి ఘాట్ ఒకసారి ఎక్కించండి. వెనక బండ్లు లేనప్పుడు మధ్యలో ఆపి మళ్లీ కదిలించి చూడండి. ఏ గేర్‌లో ఎక్కారో అదే గేర్‌లో దిగాలి. కిందకొచ్చాక ఎస్.కోట దగ్గర ఆపి ప్రతి చక్రం దగ్గరా చెయ్యి ఆనించకుండా దగ్గరగా పెట్టి చూడండి, ఒక్క దాని దగ్గరే సెగ కొడుతుంటే బ్రేకో బేరింగో పట్టేస్తోందన్నమాట, అది విప్పి చూపించాకే బేరం మాట్లాడండి.