ఏటీవీ హైడ్రాలిక్ బ్రేకులలో గాలి తీసే విధానం

అనంతపురం జిల్లాలోని చేల గట్ల మీద, కొండవార తోటలకు వెళ్లే రాళ్ల దారుల్లో ఏటీవీ (ఎగుడుదిగుడు దారుల్లో నడిచే నాలుగు చక్రాల బండి) నడిపేవారికి ముందుగా కనిపించే బ్రేకు లోపం లివరు మెత్తబడటం. నొక్కిన వెంటనే గట్టిగా తగలవలసిన లివరు హ్యాండిల్ దాకా వచ్చేస్తుంటే, వెంటవెంటనే రెండు మూడు సార్లు నొక్కితే తప్ప బండి ఆగకపోతుంటే, గొట్టాలలో గాలి చేరిందని అనుమానించాలి. బ్రేకు ద్రవం ఒత్తిడికి కుదించుకుపోదు కాని గాలి కుదించుకుపోతుంది కనుక, మన చేతి బలం చక్రం దగ్గర బ్రేకును నొక్కే భాగమైన క్యాలిపర్‌లోని పిస్టన్‌ను చేరకుండా ఆ బుడగలను అణచడానికే ఖర్చవుతుంది.

గాలి దానంతట అది లోపలికి రాదు. అందువల్ల పని మొదలుపెట్టే ముందు గొట్టాల అతుకుల వద్ద, క్యాలిపర్ల చుట్టూ తడి ఉందేమో చూడాలి. కారుతున్న చోటు బాగుచేయకుండా గాలి తీస్తే వారం తిరగకముందే మళ్లీ అదే పని చేయవలసి వస్తుంది.

మన దుకాణాలలో అందరూ బ్రేకు ద్రవాన్ని ‘బ్రేక్ ఆయిల్’ అనే అడుగుతారు, కాని నిజానికి ఇది నూనె కాదు. డాట్ 3, డాట్ 4 రకాలు గ్లైకాల్ ఆధారిత ద్రవాలు. ఆ పేరును నమ్మి ఇంజిన్ ఆయిల్ పోసినా, భాగాలను కిరోసిన్‌తో కడిగినా లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. మాస్టర్ సిలిండర్ (లివరు దగ్గర ద్రవం ఉండే పాత్ర) మూత మీద ఏ రకం అని రాసి ఉంటే దానినే, సీలు విప్పని కొత్త డబ్బా నుంచి వాడాలి. ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ద్రవం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు, తేమ చేరిన తరువాత ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. మన జిల్లాలో వానలు తక్కువే అయినా తేమ బెడద తప్పదు కనుక, రెండేళ్లకొకసారి ద్రవాన్ని పూర్తిగా మార్చడం మంచిది. డాట్ 5 మాత్రం సిలికాన్ రకం. దానిని మిగతా వాటితో కలపరాదు.

కావలసిన సామాను కొద్దిదే: క్యాలిపర్ మీద గాలి బయటికి తీసే చిన్న మర అయిన నిపుల్‌కు సరిపడే రింగు పానా (చాలా బండ్లకు 8 నంబరు), అక్వేరియంలో గాలికి వాడే సన్నని పారదర్శక గొట్టం, ఒక సీసా, పాత గుడ్డలు, పక్కన బకెట్ నీళ్లు. ద్రవం పడిన చోట రంగు లేచిపోతుంది కనుక చుక్క పడిన వెంటనే నీళ్లతో కడగాలి.

బండిని చదునైన చోట నిలిపి, మాస్టర్ సిలిండర్ సమతలంగా ఉండేలా హ్యాండిల్ తిప్పాలి. మూత విప్పకముందే దాని చుట్టూ పేరుకున్న ఎర్రదుమ్మును తడిగుడ్డతో శుభ్రంగా తుడవాలి. ఇసుక రేణువు ఒక్కటి లోపల పడినా సీలు గీసుకుపోతుంది. మూతను, దాని కింది రబ్బరు పొరను తీసి ద్రవాన్ని పై గీత వరకు నింపాలి.

మాస్టర్ సిలిండర్ నుంచి గొట్టం ఏ చక్రానికి ఎక్కువ పొడవు ఉందో ఆ చక్రంతో మొదలుపెట్టాలి. నిపుల్‌కు ముందుగా పానా, ఆ తరువాత గొట్టం తగిలించి, గొట్టం రెండో కొసను సీసాలో కొంచెం పోసిన కొత్త ద్రవంలో మునిగేలా ఉంచాలి. ఇద్దరుంటే పని సులువు. లివరు దగ్గరున్నవారు మూడు నాలుగు సార్లు నిదానంగా నొక్కి, చివరిసారి అలాగే బిగించి పట్టుకుని ‘పట్టినా’ అనాలి; అప్పుడు రెండోవారు నిపుల్‌ను పావు చుట్టు వదులు చేస్తే బుడగలతో కూడిన ద్రవం గొట్టంలోకి వస్తుంది, లివరు హ్యాండిల్ దాకా దిగుతుంది. నిపుల్ బిగించి ‘వదులు’ అన్న తరువాతే లివరు వదలాలి. ఈ వరుస తప్పి లివరు ముందుగా వదిలితే బయటి గాలి తిరిగి లోపలికి పీల్చుకుపోతుంది. ఈ పనిలో జరిగే పొరపాట్లలో సగం ఇక్కడివే.

మిగతా సగం పైన జరుగుతాయి. సీసాలోని బుడగలను చూస్తూ మైమరచి, పై పాత్రలో ద్రవం అడుగంటిన సంగతి నేను మొదటిసారి గమనించనే లేదు. గంట సేపు చేసిన పని వృథా అయి, మళ్లీ మొదటి నుంచి చేయవలసి వచ్చింది. అయిదారు సార్లకొకసారి తప్పనిసరిగా ద్రవం నింపుతుండాలి.

గొట్టంలో బుడగ లేని, తేటైన ద్రవం వచ్చాక నిపుల్‌ను బిగించాలి. అది చిన్నది, సులువుగా విరిగిపోతుంది, బలం చూపనక్కరలేదు. తరువాత రెండో చక్రానికి, వెనుక బ్రేకుకు వేరే మాస్టర్ సిలిండర్ ఉంటే దానికీ ఇదే పద్ధతి పాటించాలి. ఇంత చేసినా లివరు కొంచెం మెత్తగానే ఉంటే, దానిని నొక్కిన స్థితిలో తాడుతో కట్టి రాత్రంతా ఉంచితే చిన్న బుడగలు పైకి చేరడం తరచుగా చూస్తాం.

రబ్బరు పొర, మూత బిగించి, నిపుళ్ల రబ్బరు టోపీలు పెట్టి, లివరును గట్టిగా ఒక నిమిషం నొక్కిపట్టాలి. అది మెల్లగా దిగిపోతుంటే ఎక్కడో కారుతున్నదని, లేదా మాస్టర్ సిలిండర్ సీలు అరిగిందని అర్థం. నిలకడగా ఉంటే చదునైన ఖాళీ నేల మీద నడక వేగంతో నాలుగైదు సార్లు ఆపి చూసి, ఆ తరువాతే వాలు దారులకు వెళ్లాలి. సీసాలోని పాత ద్రవాన్ని చేలోనో, కాలువలోనో పారబోయకుండా పాత ఆయిల్ సేకరించే గ్యారేజీలో విడిగా అప్పగించాలి.