డాలస్‌కు కొత్తగా వచ్చినవారికి: కరెంటు ప్లాను, కారు చార్జింగు ఖర్చు

డాలస్, ఫోర్ట్‌వర్త్ పరిసరాలకు ఉద్యోగం మీద వచ్చిన తెలుగువారికి అపార్ట్‌మెంట్ లీజు కుదిరిన వెంటనే ఎదురయ్యే పని కరెంటు కంపెనీని ఎంచుకోవడం. హైదరాబాదులోనో విజయవాడలోనో ఈ బెడద ఉండదు. అక్కడ ఆ ప్రాంతానికి పంపిణీ సంస్థ ఒక్కటే ఉంటుంది, ధరలను విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది, వాడకం పెరిగేకొద్దీ పై యూనిట్లకు శ్లాబు ప్రకారం రేటు పెరుగుతుంది. టెక్సస్‌లో చాలా భాగానికి 2002 జనవరి నుంచి పద్ధతి వేరుగా ఉంది. కరెంటును అమ్మే కంపెనీలు పదుల సంఖ్యలో ఉంటాయి, వాటిలో ఎవరి దగ్గర కొనుక్కోవాలో మీ ఇష్టం. స్తంభాలు, తీగలు, మీటరు మాత్రం ఎవరి దగ్గర కొన్నా ఒక్క సంస్థవే; డాలస్ ప్రాంతంలో ఎక్కువ చోట్ల అది ఆన్‌కార్, హ్యూస్టన్‌లో సెంటర్‌పాయింట్. అందువల్ల చౌక కంపెనీ దగ్గర కొంటే కరెంటు ఎక్కువసార్లు పోతుందేమోనన్న భయం అక్కరలేదు. పోయినప్పుడు ఫోన్ చేయవలసింది కూడా అమ్మిన కంపెనీకి కాదు, ఆన్‌కార్‌కు.

ఈ ఎంపిక అందరికీ ఉండదు. ఆస్టిన్, శాన్ ఆంటోనియో నగరాల్లోనూ, మన వైపున డెంటన్, గార్లండ్ పట్టణాల్లోనూ నగరపాలికలే కరెంటు అమ్ముతాయి. ఫ్రిస్కో, లిటిల్ ఎల్మ్ వంటి చోట్ల కొన్ని కాలనీలు కోసర్వ్ అనే సహకార సంస్థ పరిధిలో ఉంటాయి. ఒకే ఊరిలో ఒక వీధికి ఎంపిక ఉండి, పక్క వీధికి లేకపోవచ్చు. ఇల్లు కొనేవారు బడి హద్దులను ఎంత శ్రద్ధగా చూస్తారో దీనిని కూడా అంత శ్రద్ధగా అడిగి తెలుసుకోవాలి. కింద చెప్పేదంతా ఎంపిక ఉన్నవారి కోసం.

రాష్ట్ర విద్యుత్ నియంత్రణ సంస్థ నడిపే పవర్ టు చూజ్ అనే సైటులో జిప్ కోడ్ ఇస్తే ఆ ప్రాంతంలో దొరికే ప్లాన్లు కనిపిస్తాయి. దానిని పోలిన పేర్లతో, పోలిన రంగులతో ప్రైవేటు సైట్లు చాలా ఉన్నాయి; అవి కమీషను మీద నడుస్తాయి కనుక వాటి వరుసక్రమాన్ని నమ్ముకోవద్దు. అయితే ప్రభుత్వ సైటు వరుసక్రమం కూడా మొదటిసారి చూసినవారిని సులువుగా దారి తప్పిస్తుంది. అక్కడ ధరలను నెలకు 1,000 కిలోవాట్ అవర్లు వాడే ఇంటికి సగటున యూనిట్‌కు ఎన్ని సెంట్లు పడుతుందన్న లెక్కన చూపిస్తారు (కిలోవాట్ అవర్ అంటే మన బిల్లుల్లోని యూనిట్టే). ఆ లెక్కలో మొదటి స్థానం సంపాదించడానికే కొన్ని ప్లాన్లను తయారు చేస్తారు.

ఎలాగంటే, ఒక ప్లానులో కరెంటు ధర 14 సెంట్లు, తీగల సంస్థకు చేరే రుసుము 5 సెంట్లు, నెలవారీ స్థిర రుసుము 4 డాలర్లు, వాడకం 1,000 యూనిట్లకు చేరితే బిల్లులో 100 డాలర్ల తగ్గింపు ఉన్నాయనుకుందాం. సరిగ్గా 1,000 యూనిట్లు వాడితే బిల్లు 94 డాలర్లు, అంటే యూనిట్‌కు 9.4 సెంట్లు. సైటులో పైన కనిపించేది ఈ అంకే. అదే ఇంట్లో 950 యూనిట్లే వాడితే తగ్గింపు పోయి బిల్లు 184 డాలర్ల 50 సెంట్లు అవుతుంది. యాభై యూనిట్లు పొదుపు చేసినందుకు తొంభై డాలర్లు అదనంగా కట్టాలన్నమాట. దీనికి పక్కన తగ్గింపులేమీ లేని సాదా ప్లాను ఒకటి పెట్టి చూడండి: కరెంటు 9 సెంట్లు, తీగలకు 5 సెంట్లు, స్థిర రుసుము 4 డాలర్లు. ఇది 1,000 యూనిట్ల దగ్గర 14.4 సెంట్లుగా కనిపించి జాబితాలో ఎక్కడో కిందికి పోతుంది. కాని 500 యూనిట్ల దగ్గర మొదటి ప్లాను 19.8 సెంట్లు, ఇది 14.8 సెంట్లు, 2,000 యూనిట్ల దగ్గర రెండూ సమానంగా 14.2 సెంట్లు.

ఈ వివరాలన్నీ ప్రతి ప్లానుకూ తప్పనిసరిగా జతచేయవలసిన ఎలక్ట్రిసిటీ ఫ్యాక్ట్స్ లేబుల్ అనే కాగితంలో ఉంటాయి. పైన 500, 1,000, 2,000 యూనిట్ల సగటు ధరలు ఒక పట్టికలో ఇస్తారు. మూడూ దగ్గర దగ్గరగా ఉంటే అది సాదా ప్లాను; మధ్య అంకె ఒక్కటే బాగా తక్కువగా ఉంటే అక్కడ తగ్గింపు షరతు ఉందని అర్థం. పట్టిక కింద చిన్న అక్షరాల్లో కరెంటు ధర, తీగల రుసుము, స్థిర రుసుము విడివిడిగా ఉంటాయి. వాటిని రాసుకుని, మీ ఇంటి వాడకానికి మీరే లెక్క కట్టాలి. తీగల రుసుము సాధారణంగా మార్చిలోనూ సెప్టెంబరులోనూ మారుతుంది, ఒప్పంద కాలమంతా కరెంటు ధర మారని ఫిక్స్‌డ్ ప్లానులో కూడా ఆ మార్పు బిల్లులోకి వస్తుంది. దానికి కంపెనీని తప్పుపట్టలేము.

ఇంటికి ఎలక్ట్రిక్ కారు వచ్చాక ఈ లెక్క మరో మలుపు తిరుగుతుంది. కారు చార్జింగుకు అయ్యే ఖర్చు అడిగితే చాలామంది బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి సగటు ధర చెబుతారు. కారుకు పడేది సగటు ధర కాదు, ఇంటి వాడకానికి పైన చేరే యూనిట్ల ధర. మధ్య స్థాయి ఎలక్ట్రిక్ కారు 100 మైళ్ళకు, చార్జింగులో వృథా అయ్యేది కలుపుకొని, సుమారు 28 యూనిట్లు తీసుకుంటుందనుకుంటే నెలకు 1,000 మైళ్ళకు 280 యూనిట్లు కావాలి. సాదా ప్లానులో వాటికి పడేది 14 సెంట్ల లెక్కన 39 డాలర్ల చిల్లర. తగ్గింపు ప్లానులో, ఇంటి వాడకమే 1,000 దాటిన వేసవి నెలల్లో, అవే యూనిట్లకు 19 సెంట్ల లెక్కన 53 డాలర్లు పడుతుంది. మరి ఏప్రిల్‌లో ఇంటి వాడకం 800 దగ్గరే ఆగిందనుకోండి. కారు లేకుంటే బిల్లు 156 డాలర్లు. కారు 280 యూనిట్లు తాగితే మొత్తం 1,080కి చేరి, తగ్గింపు వర్తించి, బిల్లు 109 డాలర్లకు దిగుతుంది. కారుకు కరెంటు పోసినందుకు కంపెనీ ఎదురు డబ్బు ఇచ్చినట్టే ఉంటుంది! ఇది చూసి తగ్గింపు ప్లానే మేలనుకునేవారు ఉన్నారు. అయితే డిసెంబరులో పిల్లల సెలవులకు ఇండియా వెళ్ళిన నెలలో కారు గరాజులో కదలకుండా ఉంటుంది, వాడకం వెయ్యికి చేరదు, తగ్గింపు పోతుంది. ప్రతి నెలా వెయ్యి గీత దాటుతామో లేదో చూసుకునే ఓపిక ఉన్నవారికి తప్ప ఈ ప్లాన్లు సరిపడవన్నది నా అభిప్రాయం. వీటిని వడకట్టడానికి ప్రభుత్వ సైటులోనే సదుపాయం ఉంది. కనీస వాడకం షరతులున్న ప్లాన్లు చూపవద్దని గుర్తు పెడితే జాబితా చాలావరకు శుభ్రపడుతుంది.

కారున్నవారిని బాగా ఆకర్షించేవి రాత్రి కరెంటు ఉచితమనే ప్లాన్లు. రాత్రి ధర సున్నా అయినా పగటి ధర సాదా ప్లాను కంటే బాగా ఎక్కువగా ఉంటుంది. పగలు తీగల రుసుముతో కలిపి 24 సెంట్లు, రాత్రి పూర్తిగా ఉచితం అనుకుని, ఆగస్టులో 1,200 యూనిట్లు వాడే ఇంటిని తీసుకుందాం. అందులో పగటి వాటా 720 అయితే ఉచిత రాత్రి ప్లానులో 173 డాలర్లు, 14 సెంట్ల సాదా ప్లానులో 168 డాలర్లు పడుతుంది. కారు లేని ఇంటికి ఉచితం వల్ల ఒరిగేదేమీ లేదు. కారు 280 యూనిట్లను రాత్రిపూట మాత్రమే తీసుకుంటే మొదటిది 173 దగ్గరే ఉంటుంది, రెండోది 207కు పోతుంది; అప్పుడు లాభం కనిపిస్తుంది. కాని ఇంటి నుంచి పని చేసేవారు, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి పగలంతా ఇంట్లో ఉండేవారు పగటి వాటా 900కు చేరుతుందని గ్రహించాలి. అప్పుడు 216 డాలర్లు పడి, కారు ఉన్నా నష్టమే వస్తుంది. ఇంకొక చిక్కు ఉంది. కొన్ని ప్లాన్లలో రాత్రి ఉచితమయ్యేది కరెంటు ధర మాత్రమే, తీగల రుసుము మామూలుగానే పడుతుంది. పగటి వాటా 720 అనుకున్న లెక్కలో, కారుతో కలిపి రాత్రి వాడిన 760 యూనిట్ల మీద ఐదేసి సెంట్లు కలిపితే 38 డాలర్లు చేరి, మొత్తం 211 అవుతుంది. ఆ ఒక్క వాక్యం లేబుల్‌లో ఎలా రాశారో చదవకుండా ఈ ప్లాను తీసుకోవద్దు.

పగలు ఎంత, రాత్రి ఎంత అన్నది ఊహించనక్కరలేదు. స్మార్ట్ మీటర్ టెక్సస్ అనే సైటులో మీ మీటరు వివరాలతో ఖాతా తెరిస్తే ప్రతి 15 నిమిషాల వాడకం కనిపిస్తుంది. కొత్తగా వచ్చినవారికి వెనకటి లెక్క ఉండదు కనుక, మొదటి ఏడాదికి సాదా ఫిక్స్‌డ్ ప్లాను తీసుకుని, ఒక వేసవి గడిచాక ఆ లెక్కలు చూసి మారడం మంచిది. క్రెడిట్ చరిత్ర లేనివారిని చాలా కంపెనీలు డిపాజిట్ అడుగుతాయి. డిపాజిట్ అక్కరలేని ప్రీపెయిడ్ ప్లాన్లు ఉన్నాయి గాని, ఖాతాలో డబ్బు అయిపోతే కరెంటు ఆపేస్తారు.

నెలనెలా ధర మారే వేరియబుల్ ప్లాన్ల జోలికి పోవద్దు. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టోకు ధర యూనిట్‌కు 9 డాలర్ల గరిష్ఠానికి చేరినప్పుడు, ఆ టోకు ధరనే నేరుగా వసూలు చేసే గ్రిడ్డీ అనే కంపెనీ వినియోగదారులకు కొద్ది రోజులకే వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. ఆ కంపెనీ అదే ఏడాది దివాలా తీసింది. ఇళ్ళకు టోకు ధర ప్లాన్లు అమ్మకుండా రాష్ట్రం ఆ తరువాత చట్టం చేసింది. మామూలు వేరియబుల్ ప్లాన్లు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి.

సొంత ఇల్లున్నవారికి చార్జింగు ఏర్పాటు పెద్ద పని కాదు. గోడకున్న మామూలు 120 వోల్టుల ప్లగ్గు గంటకు 1.4 యూనిట్లు ఇస్తుంది. రాత్రి పది గంటలు పెడితే సుమారు 50 మైళ్ళకు సరిపోతుంది. ఆఫీసు పాతిక మైళ్ళ లోపు ఉండి, ఒక్క కారే అయితే ముందు కొన్ని నెలలు దీనితోనే నడిపి చూడండి. చాలదనిపిస్తే 240 వోల్టుల లైను వేయించుకోవాలి. చార్జరు తీసుకునే కరెంటు కంటే బ్రేకరు సామర్థ్యం పాతిక శాతం ఎక్కువగా ఉండాలి. 48 ఆంపియర్ల చార్జరుకు 60 ఆంపియర్ల బ్రేకరు కావాలి. లైసెన్సున్న ఎలక్ట్రీషియను, నగరపాలిక అనుమతి రెండూ అవసరమే. తెలిసినవారు చవకగా వేసి పెడతామన్నా ఈ పని వారికి అప్పగించవద్దు, ఎందుకంటే గంటల తరబడి నిండు లోడు మీద ఉండే లైను ఇంట్లో ఇంతకుముందు ఏదీ ఉండి ఉండదు.

అపార్ట్‌మెంటులో ఉండేవారి సంగతి వేరు. ఆవరణలో చార్జరు ఉంటే దాని ధర యజమాని పెట్టిందే; కొన్నిచోట్ల యూనిట్ల లెక్కన, కొన్నిచోట్ల గంటల లెక్కన వసూలు చేస్తారు. గంటల లెక్కన ఉన్నచోట నెమ్మదిగా చార్జి తీసుకునే కారుకు ఖర్చు ఎక్కువవుతుంది. చార్జింగు పూర్తయినా కారు తీయకపోతే విడిగా రుసుము పడవచ్చు. ఇక రోడ్డు పక్క ఫాస్ట్ చార్జర్ల ధర స్థలాన్ని బట్టి, సమయాన్ని బట్టి మారుతుంది. యూనిట్‌కు 40 సెంట్లు అనుకుంటే అవే 280 యూనిట్లకు 112 డాలర్లు అవుతుంది. గ్యాలనుకు 30 మైళ్ళిచ్చే పెట్రోలు కారు, గ్యాలను 3 డాలర్ల చొప్పున, అదే వెయ్యి మైళ్ళకు 100 డాలర్లే తీసుకుంటుంది. గ్యాలనుకు 50 మైళ్ళిచ్చే హైబ్రిడ్ 60 డాలర్లతో సరిపెడుతుంది. ఇంటి దగ్గరో ఆఫీసు దగ్గరో చవకగా చార్జి చేసుకునే వీలు లేనివారు పెట్రోలు ఖర్చు మిగులుతుందన్న ఆశతో ఎలక్ట్రిక్ కారు కొనడం లెక్కకు నిలవదు.

2023 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో ఎలక్ట్రిక్ కార్లకు ఏటా 200 డాలర్ల అదనపు రిజిస్ట్రేషను రుసుము ఉంది. కొత్త కారుకు మొదటిసారే రెండేళ్ళకు కలిపి 400 తీసుకుంటారు. పెట్రోలు మీద రాష్ట్ర పన్ను గ్యాలనుకు 20 సెంట్లు కనుక, ఏడాదికి 12,000 మైళ్ళు తిరిగే పెట్రోలు కారు ఆ పద్దు కింద కట్టేది 80 డాలర్లే. న్యాయాన్యాయాల మాట అటుంచి, నెల ఖర్చులో 17 డాలర్లు కలుపుకోండి: ఇంట్లో చార్జి చేసే కారుకు 39 కాస్తా 56 అవుతుంది, హైబ్రిడ్‌కు 60. కొత్త ఎలక్ట్రిక్ కార్లకు 7,500 డాలర్ల వరకు, పాత వాటికి 4,000 వరకు ఉన్న కేంద్ర పన్ను రాయితీ 2025 సెప్టెంబరు 30తో ముగిసింది. దానిని లెక్కలో పెట్టుకుని చెప్పిన పాత సలహాలు ఇప్పుడు పనికిరావు.

కరెంటు ఒప్పందం ముగిసే తేదీని ఫోనులో గుర్తు పెట్టుకోండి. గడువు దాటాక కొత్త ప్లాను తీసుకోకపోతే కంపెనీ నెలవారీ వేరియబుల్ ధరకు మారుస్తుంది, అది సాధారణంగా ఎక్కువే. గడువుకు చివరి 14 రోజుల్లో మరో కంపెనీకి మారితే, ఒప్పందాన్ని ముందే వదులుకున్నందుకు వేసే రద్దు రుసుము ఉండదు. మధ్యలో ఇల్లు మారినా, కొత్త చిరునామాకు ఆధారం చూపితే ఆ రుసుము వసూలు చేయకూడదన్నది రాష్ట్ర నిబంధన. ప్రతినిధి ఫోనులో కాదన్నా, కొత్త లీజు కాపీ పంపి, మాఫీ చేసినట్టు రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.