కిటికీ మూల నెర్రె: నా అనుభవం

రాజురాలో మా ఇల్లు నల్లరేగడి మీద కట్టింది. చంద్రపూర్ జిల్లా వాళ్లకు ఈ మన్ను సంగతి చెప్పాల్సిన పనిలేదు. వానకు ఉబ్బుతది, ఎండకు నెర్రెలిస్తది.

కిందటేడు ఏప్రిల్‌ల కిటికీ కింది మూల నుంచి మెట్లు మెట్లుగా పగులు దిగింది. పూత మీది వెంట్రుకవాసి గీతలైతే నేను పట్టించుకోను, పూత ఆరేటప్పుడు వచ్చేవే అవి. ఇది ఇటుకల సందుల వెంట దిగింది, పక్క తలుపు కూడా చౌకట్టుకు పట్టేస్తున్నది. మేస్త్రి "లప్పం పెట్టి రంగేద్దాం అన్నా" అన్నడు. ఆగమన్న.

పగులుకు అటూ ఇటూ పెన్సిల్ గుర్తులు పెట్టి, కొలత, తేదీ గోడ మీదనే రాసిన. (మా ఆవిడ తిట్లు వేరే లెక్క.) ఏప్రిల్‌ల 3 మిల్లీమీటర్లు, జూన్ మొదట్ల 4, వానలు పడ్డంక ఆగస్టుల 2. అంటే మన్నుతోపాటే తెరుచుకొని మూసుకుంటున్నది. ఆగకుండా పెరిగినా, 5 దాటినా ఇంజినీరును పిలిచెటోణ్ణి.

స్నానాల గది నీళ్లు ఒక్క ఆ మూలనే ఇంకుతున్నయి. పైపేసి దూరంగ మోరీలకు మళ్లించిన. గోడ వెంట మీటరు వెడల్పున, బయటికి వాలుగ కాంక్రీటు పోయించిన. ఈ ఎండాకాలం గుర్తులు కదలలేదని చూసినంకనే పగులు చెక్కి, జాలీ కొట్టి, పూత పూసినం.

తలుపు ఇప్పటికీ వానాకాలం కొంచెం పడుతది. అది కట్టె తప్పు.