బృహన్నలను తెర మీదికి తీసుకురావడం

నేను క్వీర్‌ను, అంటే లైంగికత, జెండర్ విషయాల్లో సమాజపు మామూలు చట్రంలో ఇమడని వ్యక్తిని. ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం ప్రాంతాల తెలుగువారి ముందు ఒక్కడినే తోలుబొమ్మలాడిస్తూ, సొంత పద్యాలు చదువుతూ కథ చెబుతాను. ఈ పని మొదలుపెట్టదలచినవారు ముందుగా విరాటపర్వం తీసుకోవాలని నా సలహా. తిక్కన భారతరచన అక్కడి నుంచే సాగింది. విరాటపర్వం చదివితే వానలు కురుస్తాయన్న నమ్మకం మనలో ఉంది కనుక, ఆ పేరు వినగానే పెద్దవాళ్లు ముందుకు వచ్చి కూర్చుంటారు. అయితే బృహన్నలను వట్టి మారువేషంగా చూపకండి. ఉత్తరకు నాట్యం నేర్పిన ఆ ఏడాదిని ఒక నిండు జీవితంగా చూపండి.

ఇందుకు బృహన్నలకు రెండు బొమ్మలు కావాలి. ఒడిశా నీడబొమ్మలాట అయిన రావణఛాయలో బొమ్మలకు కీళ్లు, రంగులు ఉండవు. తెర మీద నల్లని నీడే పడుతుంది. మొదటి బొమ్మను ఆ తీరులో మందపాటి అట్టతో చేసుకోవచ్చు. రెండోది మన పద్ధతిలో, గీకి ఆరబెట్టిన మేకతోలుతో చేయాలి. రెండువైపులా రంగులద్ది, నగలున్న చోట సన్నని ఉలితో చిల్లులు కొట్టి, భుజాల దగ్గర, మోచేతుల దగ్గర దారంతో ముడి వేయాలి. ముడి బిగిస్తే చెయ్యి కదలదు, వదులైతే చచ్చుగా వేలాడుతుంది. బొమ్మను కదిపినప్పుడు చెయ్యి ఒకసారి ఊగి ఆగితే ముడి సరిగా కుదిరినట్లు.

దీపాన్ని మీ తలకు పైన, కాస్త ముందుగా కట్టండి. వెనక పెడితే మీ నీడే తెరను కప్పేస్తుంది. ట్యూబులైటు వద్దు, పసుపు వెలుగు ఇచ్చే చిన్న బల్బు చాలు.

నల్లబొమ్మ పోయి రంగుల బొమ్మ వచ్చే అసలు ఘట్టంలో, నల్లబొమ్మను తెర నుంచి మెల్లగా వెనక్కి, దీపం వైపు లాగండి. నీడ పెరిగి, అంచులు చెదిరి, మసకబారుతుంది. ఆ మసకలోనే రంగుల బొమ్మను తెరకు ఆనించండి. అంతసేపూ పద్యం ఆపేయాలి. కవులకు ఇది కష్టమే, నాకూ చాలాకాలం చేతకాలేదు. కానీ ఎర్రని పావడా వెలుగులో తేలేటప్పుడు మాట అడ్డుపడుతుంది.

పద్యం తెలుగులోనే ఉంచి, సంభాషణలు కొన్ని ఒడియాలో చెప్పండి. తోలుబొమ్మలాటలో నవ్వించే కేతిగాడు, బంగారక్కల హాస్యం ఉండవలసిందే, కాని బృహన్నల నడకను వారిచేత వెక్కిరింపజేయకండి.

ఒకచోట నిర్వాహకులు ఆట మొదలయ్యే వేళకు ఈ ఘట్టం తీసేయమన్నారు. నేను ఆడకుండా వచ్చేశాను, దారంతా ఏడ్చాను. ఇప్పుడు కథనంతా ముందే రాసి ఇస్తున్నాను. పెద్దల మధ్య సమ్మతితో సాగే స్వలింగ సంబంధాలు నేరం కాదంటూ 377వ సెక్షన్‌పై సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న ఇచ్చిన తీర్పు సంగతి కూడా అందులో చేరుస్తాను.

ఆట ముగిశాక దీపం వెంటనే ఆర్పకండి. పిల్లలు తెర వెనక్కి వస్తారు. బృహన్నల బొమ్మ కర్రను వాళ్ల చేతికివ్వండి.