వాలెట్లను కలుపుదాం – 5వ పాఠం: రెండో వాలెట్ ఎందుకు మొండికేసింది?

ఈ వారం వెరిఫయర్ (సర్టిఫికెట్ అసలుదో కాదో చూసే ప్రోగ్రామ్) కట్టాల్సింది. దాన్ని వచ్చే పాఠానికి జరిపాను. నాలుగో పాఠంలో ఇష్యూయర్ (సర్టిఫికెట్ జారీ చేసే సర్వర్) కట్టి, దాని క్యూఆర్‌ను ఫోన్‌లో సర్టిఫికెట్లు దాచుకునే రెండు వాలెట్ యాప్‌లతో స్కాన్ చేశాం. చేసినవాళ్లలో చాలామందికి కాలేజీ సర్టిఫికెట్ మొదటి వాలెట్‌లోకి చక్కగా దిగింది. రెండో వాలెట్ మాత్రం క్యూఆర్ స్కాన్ చేయగానే ఎర్ర అక్షరాలు చూపించి ఊరుకుంది. "రెండోది దండగ, తీసేశాం" అని రాశారు కొందరు. మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. ఆ రెండింట్లో నిక్కచ్చిగా పనిచేస్తున్నది అదే.

క్యూఆర్‌లో లోకల్‌హోస్ట్ అని ఉంటే ఫోన్ తనలోనే వెతుక్కుంటుంది, మీ ల్యాప్‌టాప్‌లో కాదు. ల్యాప్‌టాప్ ఐపీ పెట్టినా బెంగళూరు మారతహళ్లి, బీటీఎం పీజీల వైఫైలో పని జరుగుతుందన్న భరోసా లేదు; ఒకే వైఫైలో ఉన్న రెండు పరికరాలు ఒకదాన్నొకటి చూడకుండా సెట్టింగ్ పెట్టి ఉంటే అంతే సంగతులు. టన్నెల్ (ల్యాప్‌టాప్‌లోని సర్వర్‌కు ఇంటర్నెట్‌లో ఒక అడ్రస్ ఇచ్చే సేవ) వాడండి. అదెలా పెట్టాలో మీకు తెలుసు.

అసలు తంటా టన్నెల్ పెట్టాకే మొదలవుతుంది. ఇష్యూయర్ ఐడెంటిఫయర్, అంటే ఇష్యూయర్‌కు గుర్తింపుగా వాడే వెబ్ అడ్రస్, మూడు చోట్ల వస్తుంది. క్యూఆర్‌లోని ఆఫర్‌లో ఒకసారి. దాన్ని పట్టుకుని వాలెట్ తెచ్చుకునే మెటాడేటాలో (ఇష్యూయర్ తన వివరాలు చెప్పే ఫైలు) మరోసారి. వాలెట్ తన కీతో సంతకం చేసి పంపే ప్రూఫ్‌లో, ఆ ప్రూఫ్ ఎవరి కోసమో చెప్పే 'ఆడ్' అనే గడిలో ఇంకోసారి. మూడూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే కావాలి. మీలో చాలామందికి క్యూఆర్‌లో కొత్త టన్నెల్ పేరుంది, మెటాడేటాలో ఇంకా లోకల్‌హోస్టే ఉంది. ఇంకొందరికి పేరు సరిపోయింది కానీ ఒకచోట చివర స్లాష్ ఉంది, ఇంకోచోట లేదు. "స్లాషే కదా" అనకండి. అది చూడటానికి అడ్రస్‌లా ఉన్నా, పోల్చేటప్పుడు ఉత్త అక్షరాల వరుస. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాన్‌లో ఒంటి అక్షరంగా వెనక ఉంటే మనిషి ఎదురుగా కూర్చున్నా బ్యాంకులో ఫైలు కదలదు. మనవాళ్లకు ఈ బాధ కొత్త కాదు.

మొదటి వాలెట్ ఎలా ఒప్పుకుంది? అది పోల్చి చూడలేదు, అంతే. ప్రమాణంలో పోల్చమని రాసింది చాదస్తంతో కాదు. మెటాడేటా సరిపోలాలన్న నియమం లేకపోతే ఒక సైటు ఇంకో ఇష్యూయర్ పేరు పెట్టుకుని కూర్చోవచ్చు. ఆడ్ చూడకపోతే ఒక ఇష్యూయర్ కోసం చేసిన ప్రూఫ్‌ను ఇంకొకరి దగ్గర చూపించి పని కానిచ్చుకోవచ్చు. ఆడ్ చూసే పని ఇష్యూయర్‌ది, కాబట్టి 'ఇన్‌వాలిడ్ ప్రూఫ్' అని వచ్చినవాళ్లు వాలెట్‌ను తిట్టకుండా తమ సర్వర్ లాగ్ తెరవండి.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఒకరు వాలెట్ కోడ్‌నే తెచ్చుకుని, పోల్చే ముందు స్లాష్ కత్తిరించే రెండు లైన్లు అందులో పెట్టి, "సాల్వ్ అయింది" అని పంపారు. ఏం సాల్వ్ అయింది? మీ ఫోన్‌లో మీ వాలెట్, మీ ఇష్యూయర్‌తో మాట్లాడుతోంది. రేపు మీ క్యూఆర్ స్కాన్ చేసేవాళ్ల ఫోన్లలో మీ రెండు లైన్లు ఉండవు. మార్చాల్సింది ఇష్యూయర్‌ని. నేనైతే ఐడెంటిఫయర్‌ను ఒకే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో, చివర స్లాష్ లేకుండా పెట్టి, మూడు చోట్లకూ అక్కణ్నుంచే తీసుకుంటాను. ఉచిత టన్నెల్ పేరు మారితే పాత క్యూఆర్ చెత్తబుట్టకే.

ఇక వెర్షన్ల గొడవ. ఇష్యూయర్ నుంచి వాలెట్‌కు సర్టిఫికెట్ ఎలా చేరాలో చెప్పే ప్రమాణం, ఓపెన్ఐడీ ఫర్ వీసీఐ 1.0, ఖరారైంది 2025 సెప్టెంబరులో. అంతకుముందటి ముసాయిదా, డ్రాఫ్ట్ 13 మీద కట్టిన కోడ్ ఇంకా తిరుగుతూనే ఉంది. అందులో నాన్స్ (ప్రూఫ్‌లో పెట్టమని ఇష్యూయర్ ఇచ్చే, పాత ప్రూఫ్ మళ్లీ వాడకుండా ఆపే విలువ) టోకెన్ జవాబుతో పాటు రావచ్చు, 1.0లో దానికి వేరే ఎండ్‌పాయింట్ (సర్వర్‌లో వేరే అడ్రస్). సర్టిఫికెట్ రాసే తీరుల్లో ఒకటైన ఎస్‌డీ-జేడబ్ల్యూటీ ఫార్మాట్ పేరు కూడా 'వీసీ ప్లస్ ఎస్‌డీ-జేడబ్ల్యూటీ' నుంచి 'డీసీ ప్లస్ ఎస్‌డీ-జేడబ్ల్యూటీ'కి మారింది. అందుకే "మేం ఓపెన్ఐడీ సపోర్ట్ చేస్తాం" అన్న మాట ఒక్కటే చూసి నమ్మకండి, ఏ డ్రాఫ్టో అడగండి. ఏ ఫార్మాట్ నేర్చుకోవాలన్నవాళ్లకు నా ఓటు ఎస్‌డీ-జేడబ్ల్యూటీకే. ఐరోపా సమాఖ్య దేశాలు 2026 ఆఖరుకల్లా పౌరులకు ఇవ్వాల్సిన వాలెట్‌లో ఎండాక్ అనే ఇంకో ఫార్మాట్‌తో పాటు ఇదీ ఉంటుంది. పైగా డీకోడ్ చేసి కంటితో చదువుకోవచ్చు.

రెండో వాలెట్‌గా ఏది పెట్టుకోవాలని అడిగారు. మన ఎలక్ట్రానిక్ సిటీలోని ఐఐఐటీ-బెంగళూరులో పుట్టిన డిజిటల్ గుర్తింపు ప్రాజెక్టు మోసిప్ వాళ్ల ఇంజి వాలెట్ ఓపెన్ సోర్స్. ఎందుకు కాదందో కోడ్‌లో వెతుక్కోవచ్చు. మూసి ఉన్న యాప్‌లో ఆ వీలు లేదు.

అభ్యాసం: ఇష్యూయర్‌ను డొమైన్ మొదట్లో కాకుండా 'స్లాష్ కాలేజీ' అనే పాత్ కింద పెట్టండి. డ్రాఫ్ట్ 13 వాలెట్ 'వెల్-నోన్' ముక్కను (మెటాడేటా ఎక్కడుందో చెప్పే, ముందే ఖాయమైన అడ్రస్ భాగం) కాలేజీ తర్వాత అతికించి మెటాడేటా కోసం వెతుకుతుంది, 1.0 వాలెట్ దాన్ని డొమైన్‌కీ కాలేజీకీ మధ్య దూరుస్తుంది. రెండు చోట్లా మెటాడేటా దొరకాలి, రెండు వాలెట్లలోకీ సర్టిఫికెట్ దిగాలి, వాలెట్ కోడ్‌లో ఒక్క అక్షరం ముట్టుకోకూడదు. అది అయ్యాక కావాలనే మెటాడేటా చివర స్లాష్ పెట్టి, ఏ వాలెట్ ఆగిందో, ఏది పట్టించుకోలేదో రాసి పంపండి. స్క్రీన్‌షాట్లు వద్దు, రిక్వెస్ట్ లాగ్‌లు పంపండి. టోకెన్లు మాత్రం చెరిపేసి.