చిన్న సీఎంఎస్‌కు కొత్త వెర్షన్ ఎలా విడుదల చేయాలి?

తిరుపతిలో లాడ్జీలకు, చిత్తూరులో మామిడి గుజ్జు వ్యాపారులకు వెబ్‌సైట్లు చేసిపెట్టే నాలాంటివారికి పెద్ద వ్యవస్థలు అక్కర్లేదు. నాలుగు పేజీలు, గదుల అద్దె, ఫోన్ నంబర్లు, కొన్ని ఫొటోలు ఉంటే చాలు. చవక సర్వర్‌లో నడిచే తేలికపాటి సీఎంఎస్, అంటే కోడు రాయకుండానే సైటు పేజీలు మార్చుకోనిచ్చే సాఫ్ట్‌వేర్, సరిపోతుంది. అలాంటిది మీరే రాసి పదిమందికి ఇచ్చి ఉంటే, కొత్త వెర్షన్ విడుదల చేసే బాధ్యతా మీదే. దాన్ని వాడేవారు ప్రోగ్రామర్లు కారు. పాత ఫైళ్ల మీద కొత్తవి వేసి, సైటు తెరుచుకుందా లేదా అని చూసే మనుషులు.

ముందు ఒక తేదీ పెట్టుకుని, ఆ తరువాత కొత్త సౌకర్యమేదీ చేర్చకండి. ‘చిన్న మార్పే కదా’ అని ఆఖరి రోజు చేర్చిందే రాత్రంతా కూర్చోబెడుతుంది. ఇక అంకె సంగతి. ఇప్పుడున్నది 2.4.3 అనుకుందాం. తప్పులు మాత్రమే దిద్దితే 2.4.4. పాతవి చెడకుండా కొత్త సౌకర్యం చేరితే 2.5.0. పాత థీములు (సైటు రూపాన్ని ఇచ్చే ఫైళ్లు), ప్లగిన్లు (అదనపు సౌకర్యాలిచ్చే ముక్కలు) పనిచేయకుండా పోయే మార్పు ఉంటే 3.0.0. ఆ మార్పును 2.5.0 చాటున దాచడం వాడేవారిని మోసగించడమే.

తరువాతిది అసలు పరీక్ష. చాలామంది ఖాళీ ఫోల్డరులో కొత్త వెర్షన్ పెట్టి చూసి తృప్తి పడతారు. లాడ్జి యజమాని దగ్గర ఉన్నది ఖాళీ ఫోల్డరు కాదు, మూడేళ్ల నాటి వెర్షను, ఎవరో సగం మార్చిన థీము. అనుమతి అడిగి అలాంటి సైటు నకలు తెచ్చుకోండి, కస్టమర్ల వివరాలు తీసేయండి, దాని మీద కొత్త వెర్షన్ వేసి చూడండి. డేటాబేసును మార్చే కోడు మధ్యలో ఆగిపోయి మళ్లీ నడిచినా నష్టం జరగకూడదు. మీ సీఎంఎస్ రాసిన భాష పీహెచ్‌పీ అనుకుందాం. దాని 7.4 వెర్షనుకు మద్దతు 2022 నవంబరులోనే ముగిసినా, ఆ వెర్షను మీదే నడిచే సైట్లు ఇంకా ఉన్నాయి. సర్వరులో పీహెచ్‌పీ మరీ పాతదైతే మీ సీఎంఎస్ తెల్ల పేజీ చూపకుండా, ఆ మాట తెలుగులో చెప్పి ఆగిపోవాలి. ఈ తనిఖీ ఉన్న ఫైలును పాత పీహెచ్‌పీ కూడా చదవగలిగేలా రాయాలి, లేకుంటే తనిఖీ దాకా రాకముందే కుప్పకూలుతుంది.

తెలుగు పరీక్ష విడిగా చేయండి. కంప్యూటర్లో అక్షరాలను దాచే పద్ధతి యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు, అది అక్షరమైనా గుణింతమైనా, 3 బైట్లు పడతాయి. ‘తిరుపతి’లో కంటికి కనిపించేవి నాలుగు అక్షరాలే అయినా గుర్తులు 7, బైట్లు 21. శీర్షికను బైట్ల లెక్కన కత్తిరిస్తే చివర చెత్త గుర్తు మిగలొచ్చు. పేజీ చిరునామా తయారుచేసే కోడు గుణింతపు గుర్తులను అక్షరాలుగా గుర్తించకపోతే తిరుపతి కాస్తా ‘తరపత’ అవుతుంది. నవ్వొచ్చే విషయమే, కానీ పాత లింకులన్నీ తెగిపోయాక ఎవరూ నవ్వరు.

జిప్ ఫైలు కట్టేటప్పుడు మీ సెట్టింగుల ఫైలు, పరీక్ష ఫొటోలు, గిట్ (కోడు మార్పుల చరిత్రను దాచే సాధనం) ఫోల్డరు అందులో లేకుండా చూడండి. నేనొకసారి నా సెట్టింగులు అలాగే పంపేశాను. ఒక లాడ్జి సైటుకు తెల్లారేసరికి ‘పరీక్ష సైటు 2’ అని పేరొచ్చింది. గిట్‌లో కొత్త వెర్షన్ అంకెతో ట్యాగ్ (పేరుగల గుర్తు) వేసి, ఆ ట్యాగ్ నుంచే జిప్ కట్టి, దాని ఎస్‌హెచ్‌ఏ-256 విలువను, అంటే ఫైలు మారలేదని సరిచూసుకునే 64 గుర్తుల వరుసను, పక్కన ఇవ్వండి.

మార్పుల పట్టికలో మొదటి వాక్యం ‘ముందు బ్యాకప్ తీసుకోండి’ అని ఉండాలి. భద్రతకు సంబంధించిన దిద్దుబాటు ఉంటే రెండో వాక్యం దానిదే. మిగతావి క్లుప్తంగా చాలు.

భద్రతా దిద్దుబాటు కాకపోతే తిరుమల బ్రహ్మోత్సవాల రోజుల్లో లాడ్జీల జోలికి, మామిడి సీజనులో గుజ్జు వ్యాపారుల జోలికి పోకండి. శుక్రవారం సాయంత్రం ఎవరి జోలికీ వద్దు. మొదట కాస్త ఓపికున్న యజమాని సైటుకు ఇచ్చి, రెండు రోజులు చూసి తక్కినవారికి చెప్పండి. ఈలోగా తప్పు దొరికితే 2.5.0 జిప్‌నే గుట్టుగా మార్చకండి. అప్పటికే దించుకున్నవారి దగ్గర ఒకటి, మీ దగ్గర మరొకటి ఉంటే ఎవరి ఫిర్యాదు దేని గురించో తేలదు. 2.5.1 అని వేరే జిప్ కట్టి, ఏం దిద్దారో ఒక్క వాక్యంలో రాయండి.