వర్చువల్ ర్యామ్ పెంచితే ఫోన్ నత్తనడక నడుస్తోందా?

సమస్య: సెట్టింగ్స్‌లో ర్యామ్ ప్లస్ అనో, మెమరీ ఎక్స్‌టెన్షన్ అనో కనిపిస్తే చివరిదాకా పెంచేశారు. 4 జీబీ ఫోను 8 జీబీ అయిందని సంబరం. తీరా చూస్తే కీబోర్డు పైకి రావడానికే తటపటాయిస్తోంది, యాప్ మారితే తెర బిగుసుకుపోతోంది.

కారణం: ఆ కొత్త 4 జీబీ అసలు ర్యామే కాదు, స్టోరేజీలో పక్కన పెట్టిన చోటు. కాసేపుగా ముట్టని మెమరీని ఫోను అక్కడికి తోసి, అడిగినప్పుడు వెనక్కి తెస్తుంది, దీన్నే స్వాప్ అంటారు. స్టోరేజీ ఎంత వేగమైనా ర్యామ్‌కి సాటిరాదు. స్టోరేజీ చిప్ నెమ్మదైన పాత ఈఎంఎంసీ రకమైతే ఇక చెప్పక్కర్లేదు, అది నిండిపోయి ఉంటే మరీను.

ముందు పరీక్షించండి: ఆప్షన్ ఆపి, రీస్టార్ట్ చేసి, ఐదు నిమిషాలు వదిలేయండి. మెసేజ్ యాప్ తెరిచి సగం వాక్యం టైప్ చేయండి. తర్వాత బ్రౌజర్, మ్యాప్స్, ఒక గేమ్, చివర్లో కెమెరా. ఇప్పుడు మెసేజ్‌కి తిరిగి రండి. ఉన్నచోటే తెరుచుకుంటే యాప్ మెమరీలో బతికే ఉంది. మొదటి లోగో కనిపించి మళ్లీ లోడయితే మధ్యలో సిస్టమ్ దాన్ని మూసేసింది. ఇదే వరుస మూడుసార్లు చేసి, ఆప్షన్ ఆన్ చేసి మళ్లీ మూడుసార్లు చేయండి. ఫోను వేడిగా ఉన్నప్పుడు మాత్రం వద్దు, ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, నింద స్వాప్ మీద పడుతుంది.

పరిష్కారం: ఆపినా యాప్‌లు నిలుస్తుంటే ఆపే ఉంచండి. ఆన్ చేస్తేనే నిలుస్తూ, తెర బిగుసుకోకపోతే అన్నిటికన్నా తక్కువ సైజు చాలు. ర్యామ్ బోలెడు ఖాళీ ఉన్నా యాప్‌లు చస్తున్నాయా? అది చాలాసార్లు బ్యాటరీ సేవర్ పని, అక్కడ మినహాయింపు ఇవ్వండి.

ఆప్షన్ ఆపినా ఏడీబీలో (కంప్యూటర్ నుంచి ఫోన్‌ని పరిశీలించే టూల్) స్వాప్ తరచూ సున్నా చూపించదు, కంగారు పడకండి. అది జడ్‌ర్యామ్: స్టోరేజీ జోలికి పోకుండా, ర్యామ్‌లోనే డేటాను కుదించి దాచే పద్ధతి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ముందే ఉంటుంది.

ఫోన్‌ని రూట్ చేసినవాళ్లు, అంటే సిస్టమ్‌పై పూర్తి అధికారం తీసుకున్నవాళ్లు, స్వాపీనెస్ అనే సిస్టమ్ సెట్టింగ్ అంకెతో ఆడుకుంటుంటారు. 60 అంటే ర్యామ్ 60 శాతం నిండాక స్వాప్ మొదలవుతుందని కాదు. చోటు కావాల్సినప్పుడు యాప్‌ల డేటాని తోసేయాలా, ఫైళ్ల క్యాష్‌ని (త్వరగా అందేలా ర్యామ్‌లో ఉంచిన ఫైళ్ల నకళ్లు) వదిలేయాలా అన్న మొగ్గు అది. జడ్‌ర్యామ్ ఉన్న ఫోన్లో 100 కనిపించినా తప్పేమీ కాదు, దాన్ని 10కి దించడమే తరచూ కొత్త తలనొప్పి.